ఉప్పల్ ఓటరు తీర్పు చెప్పింది ఒక్కసారే

చిల్కానగర్: 2014 ఏప్రిల్ 30న ఉప్పల్ నియోజకవర్గంలో ఓటు వేసిన వారికి ఆనాటి ప్రధాన అభ్యర్థులు ముగ్గురూ గుర్తుండే ఉంటారు. భారతీయ జనతాపార్టీ తరఫున ఎన్.వి.ఎస్.ఎస్. ప్రభాకర్, తెలంగాణ రాష్ట్ర సమితి తరఫున బేతి సుభాష్ రెడ్డి, కాంగ్రెసు తరఫున బండారి లక్ష్మారెడ్డి నిలబడ్డారు. ఆనాడు ప్రభాకర్ గెలిచారు. 2018లో సుభాష్ రెడ్డి గెలిచారు. 2023లో లక్ష్మారెడ్డి గెలిచారు. ఒకే పోటీలో తలపడిన ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వరుసగా శాసనసభకు వెళ్లారన్నమాట.

ఇది చూసి ఉప్పల్ ఓటరు బహు గడుసువాడని, ఎవరినీ రెండోసారి నమ్మడని చాలామంది అంటుంటారు. హోటలు బల్లల దగ్గర, బస్టాపుల దగ్గర ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది. చిల్కానగర్, నాచారం, రామంతాపూర్ వాసులు కూడా ఈ మాట విని కొంత గర్వపడతారు. కాని లెక్కలు తీసి చూస్తే ఆ గర్వానికి ఆధారం తక్కువేనని తేలుతుంది. పదవిలో ఉన్న శాసనసభ్యుని పనిని తూచి, ఔననో కాదనో చెప్పే అవకాశం ఉప్పల్ ఓటరుకు ఇంతవరకు వచ్చింది ఒక్కసారే. మిగిలిన రెండుసార్లు ఆ సభ్యుడు బరిలోనే లేరు.

నాలుగు ఎన్నికలు - నలుగురు సభ్యులు

2009కి ముందు ఉప్పల్ పేరుతో శాసనసభ స్థానమే లేదు. నియోజకవర్గాల పునర్విభజన జరిగాక 2009లో తొలిసారిగా ఎన్నిక జరిగింది. ఆ పునర్విభజనలో అప్పటి ఉమ్మడి రంగారెడ్డి జిల్లాకు 14 స్థానాలు వచ్చాయి. నగరం చుట్టూ పెరిగిన జనాభాయే ఇందుకు కారణం. పల్లెలుగా ఉన్నవి కాలనీలయ్యాయి, కాలనీలుగా ఉన్నవి పట్టణాలయ్యాయి. 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్, కాప్రా మున్సిపాలిటీలు కూడా గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థలో కలిసిపోయాయి.

తొలి ఎన్నికలో కాంగ్రెసు అభ్యర్థి బండారి రాజిరెడ్డి గెలుపొందారు. రాష్ట్రంలో కూడా కాంగ్రెసే మళ్లీ అధికారంలోకి వచ్చింది. కొత్త నియోజకవర్గానికి తొలి శాసనసభ్యుడు పాలకపక్షం వాడు కావడం మంచి శకునమేనని అప్పట్లో అనుకున్నారు.

2014లో రెండో ఎన్నిక వచ్చేసరికి రాజిరెడ్డి బరిలో లేరు. కాంగ్రెసు పక్షాన ఆయన సోదరుడు లక్ష్మారెడ్డి నిలబడ్డారు. అన్న చేసిన పనికి తమ్ముడు జవాబుదారీ అనుకోవాలా, వద్దా? ఇంటిపేరు ఒకటే, పార్టీ గుర్తు ఒకటే, కాని మనిషి వేరు. పని చేసినవాడు ఒకరైతే పరీక్ష రాసినవాడు మరొకరు. కాబట్టి 2014 ఫలితాన్ని తొలి శాసనసభ్యుని పనిమీద తీర్పు అనడం కుదరదు.

పొత్తు మోసుకొచ్చిన గెలుపు

2014లో ప్రభాకర్‌కు 82,395 ఓట్లు వచ్చాయి. సుభాష్ రెడ్డికి 68,226 వచ్చాయి. తేడా 14,169. చిన్న తేడా ఏమీ కాదు. అయితే అది ఎలా వచ్చిందో చూడాలి.

ఆ ఎన్నికలో భాజపాకు, తెలుగుదేశానికి పొత్తు ఉంది. తెలంగాణ అంతటా తెరాస గాలి వీచినా నగరం అంచున మాత్రం తెలుగుదేశం బలంగా నిలబడింది. కూకట్‌పల్లి, కుత్బుల్లాపూర్, శేరిలింగంపల్లి, రాజేంద్రనగర్, ఎల్.బి. నగర్, మహేశ్వరం, ఇబ్రహీంపట్నం స్థానాలన్నీ ఆ పార్టీకే దక్కాయి. తెలంగాణలో తెలుగుదేశం గెలిచిన 15 స్థానాల్లో ఏడు ఈ చుట్టువరుసలోనివే. మల్కాజిగిరి లోక్‌సభ స్థానం కూడా ఆ పార్టీ అభ్యర్థి చామకూర మల్లారెడ్డికే వచ్చింది. ఆ వరుసలో ఉన్న ఉప్పల్‌లో పొత్తు అభ్యర్థిగా ప్రభాకర్ గెలిచారు. రాష్ట్రంలో భాజపా గెలిచింది ఐదే స్థానాలు. గోషామహల్, అంబర్‌పేట, ముషీరాబాద్, ఖైరతాబాద్, ఉప్పల్.

ప్రభాకర్ శ్రమను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఏ అభ్యర్థీ తిరగకుండా, చెమట పట్టకుండా గెలవడు. కాని ఆ 82 వేల ఓట్లలో కమలం ఓట్లెన్ని, సైకిల్ ఓట్లెన్ని అన్నది ఎవరూ విడదీసి చెప్పలేరు. రెండు వాగులు కలిసి పారినప్పుడు ఏ నీరు ఎక్కడిదో తెలియనట్టే ఇదీ.

ఒకే ఒక పరీక్ష

2018 సెప్టెంబరు 6న శాసనసభ రద్దయింది. డిసెంబరు 7న పోలింగు జరిగింది. ఉప్పల్ చరిత్రలో పదవిలో ఉన్న శాసనసభ్యుడు అదే పార్టీ గుర్తుమీద, అదే స్థానం నుంచి మళ్లీ ప్రజల ముందుకు వచ్చింది ఆ ఒక్కసారే. ప్రభాకర్ మళ్లీ భాజపా అభ్యర్థిగా నిలబడ్డారు. నాలుగున్నర ఏళ్లలో ఆయన ఏం చేశారో, ఏం చేయలేదో చెప్పే అవకాశం ఓటరుకు దక్కింది.

ఫలితం ఆయనకు గట్టి దెబ్బే. తెరాస అభ్యర్థి సుభాష్ రెడ్డి 48 వేల పైచిలుకు ఆధిక్యంతో గెలిచారు. మహాకూటమి తరఫున నిలబడిన తెలుగుదేశం అభ్యర్థి తూళ్ల వీరేందర్ గౌడ్ రెండో స్థానంలో ఉన్నారు. ఈయన మాజీ హోంమంత్రి దేవేందర్ గౌడ్ కుమారుడు. ప్రభాకర్ మూడో స్థానానికి దిగిపోయారు.

మరి ఇది ఆయన పనిమీద తీర్పేనా? ఇక్కడా సందేహమే మిగులుతుంది. 2014లో ఆయనతో కలిసి నడిచిన తెలుగుదేశం 2018లో కాంగ్రెసుతో కలిసి ఎదురు నిలిచింది. పైగా ఆ ఏడు భాజపా రాష్ట్రమంతటా దెబ్బతిన్నది. 2014లో గెలిచిన ఐదుగురిలో గోషామహల్‌లో రాజాసింగ్ ఒక్కరే తిరిగి గెలిచారు. పక్కనే ఉన్న అంబర్‌పేటలో కిషన్ రెడ్డి అంతటి నాయకుడు 1,016 ఓట్ల తేడాతో ఓడిపోయారు. ముషీరాబాద్‌లో లక్ష్మణ్, ఖైరతాబాద్‌లో చింతల రామచంద్రారెడ్డి కూడా ఓడారు. తెరాసకు ఆ ఎన్నికలో 88 స్థానాలు వచ్చాయి. అంతటి గాలిలో ఒక సభ్యుని మంచిచెడ్డలను తూచిన ఓటర్లు ఎందరుంటారు?

అయినా ఒక తేడా గమనించాలి. అంబర్‌పేటలో పొత్తు పోయినా పోటీ వెయ్యి ఓట్ల దగ్గర నిలిచింది. ఉప్పల్‌లో మూడో స్థానానికి పడిపోయింది. గాలి రెండు చోట్లా ఒకటే. కనుక ఉప్పల్‌లో గాలితో పాటు మరేదో కూడా ఉందని అనుకోక తప్పదు. ఓటరు తీర్పు చెప్పాడనడానికి ఈ నియోజకవర్గంలో దొరికే ఆధారం ఇదొక్కటే.

ఓటరు కంటే ముందే తీర్పు

2023కు వచ్చేసరికి సంగతి మరీ విచిత్రమైంది. అప్పటికి తెరాస పేరు భారత రాష్ట్ర సమితిగా మారింది. ఆగస్టు 21న ఆ పార్టీ అధినేత, అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు 115 మంది అభ్యర్థుల జాబితా ప్రకటించారు. ఎక్కువమంది పాత సభ్యులకే మళ్లీ అవకాశం ఇచ్చారు. టికెట్టు దక్కని కొద్దిమందిలో ఉప్పల్ శాసనసభ్యుడు సుభాష్ రెడ్డి ఒకరు. ఆయన స్థానంలో బండారి లక్ష్మారెడ్డి పేరు వచ్చింది.

లక్ష్మారెడ్డి 2014లో కాంగ్రెసు అభ్యర్థి. 2018లో కాంగ్రెసు ఈ స్థానాన్ని పొత్తులో తెలుగుదేశానికి వదిలేసింది. తర్వాతి కాలంలో ఆయన కారు ఎక్కారు. ఒకప్పుడు ఎవరిమీద పోటీ చేశారో వారి పార్టీ టికెట్టుపైనే, వారి స్థానంలోనే నిలబడ్డారు. నవంబరు 30న పోలింగు జరిగింది. డిసెంబరు 3న లెక్కింపు జరిగితే లక్ష్మారెడ్డికి 1,32,927 ఓట్లు వచ్చాయి. కాంగ్రెసు అభ్యర్థి మందుముల పరమేశ్వర్ రెడ్డిపై 49,030 ఓట్ల ఆధిక్యం లభించింది. ప్రభాకర్ మరోసారి భాజపా తరఫున నిలబడి మూడో స్థానంలో ఉన్నారు.

ఇక్కడ ఓటరు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. సుభాష్ రెడ్డి పని బాగా లేకపోతే ఆ మాట చెప్పవలసింది ఎవరు? బాగా ఉంటే ఆయనను ఎందుకు తప్పించారు? 48 వేల ఆధిక్యంతో గెలిపించినవారు ఉప్పల్ ప్రజలు. తప్పించింది మాత్రం పార్టీ. ప్రజలు ఇచ్చిన ఉద్యోగాన్ని ప్రజలే కొనసాగించాలి, లేదా ప్రజలే తీసేయాలి. మధ్యలో మరొకరు వచ్చి తీసేస్తే, కారణం గ్రామంలోనో బస్తీలోనో నిలబడి చెప్పవలసిన బాధ్యత వారిపై ఉంటుంది.

టికెట్టు ఎవరికివ్వాలో నిర్ణయించుకునే హక్కు పార్టీకి ఉందన్నది నిజమే. సర్వేలు చేస్తారు, గెలిచేవారిని వెతుకుతారు. ఫలితం కూడా వారి లెక్క సరైనదేనని చూపింది. కాని పార్టీ లెక్క గెలుపోటములది. ఓటరుకు కావలసిన లెక్క పనిది. ఈ రెండూ ఒకటి కావు.

జిల్లా అంతా ఇదే వరుస

ఈ తంతు ఉప్పల్‌కే పరిమితం కాదు. 2016 అక్టోబరులో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఐదు శాసనసభ స్థానాలు ఉన్నాయి. వాటి చరిత్ర తిరగేస్తే ఉప్పల్ కథే మరో రూపంలో కనిపిస్తుంది.

మల్కాజిగిరిలో 2009లో కాంగ్రెసు తరఫున ఆకుల రాజేందర్, 2014లో తెరాస తరఫున చింతల కనకారెడ్డి, 2018లో అదే పార్టీ తరఫున మైనంపల్లి హనుమంతరావు, 2023లో భారత రాష్ట్ర సమితి తరఫున మర్రి రాజశేఖర్ రెడ్డి గెలిచారు. అక్కడా నాలుగు ఎన్నికల్లో నలుగురు సభ్యులే. కనకారెడ్డికి 2018లో టికెట్టు రాలేదు. మైనంపల్లి 2023లో కాంగ్రెసుకు మారి పోటీ చేసి ఓడిపోయారు.

మేడ్చల్‌లో 2014లో గెలిచిన తెరాస సభ్యుడు మలిపెద్ది సుధీర్ రెడ్డికి 2018లో టికెట్టు దక్కలేదు. 2014లో తెలుగుదేశం పార్లమెంటు సభ్యుడిగా గెలిచి, తర్వాత తెరాసలో చేరిన మల్లారెడ్డి అక్కడ నిలబడి గెలిచారు. 2023లో తిరిగి గెలిచారు.

కుత్బుల్లాపూర్‌లో కె.పి. వివేకానంద, కూకట్‌పల్లిలో మాధవరం కృష్ణారావు 2014, 2018, 2023 ఎన్నికల్లో మూడుసార్లూ గెలిచారు. ఇద్దరూ తొలిసారి సైకిల్ గుర్తుమీద, తర్వాత రెండుసార్లు కారు గుర్తుమీద గెలిచినవారే.

ఈ ఐదు స్థానాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. 2014 తర్వాత ఇక్కడ ఒకటికంటే ఎక్కువసార్లు శాసనసభకు గెలిచిన ముగ్గురూ మధ్యలో పార్టీ మారినవారే. 2014లో గెలిచిన ఐదుగురిలో కమలం గుర్తు వదలకుండా మూడుసార్లు ప్రజల ముందు నిలబడిన ప్రభాకర్‌ను ఓటర్లు ఒక్కసారే గెలిపించారు. పార్టీ మారడం మంచిదనో, మారకపోవడం గొప్పదనో దీన్నిబట్టి చెప్పలేం. కాని టికెట్టు ఎక్కడ దొరుకుతుందన్న లెక్క, పని ఎంత చేశారన్న లెక్కను మింగేస్తున్నదని మాత్రం చెప్పవచ్చు.

లోక్‌సభకు కూడా ఇదే వరుస. మల్కాజిగిరి నుంచి 2009లో కాంగ్రెసు నాయకుడు సర్వే సత్యనారాయణ, 2014లో తెలుగుదేశం నుంచి మల్లారెడ్డి, 2019లో కాంగ్రెసు నుంచి రేవంత్ రెడ్డి, 2024లో భాజపా నుంచి ఈటల రాజేందర్ గెలిచారు. రేవంత్ రెడ్డి ఆధిక్యం 10,919 ఓట్లు మాత్రమే. ఐదేళ్లు తిరిగేసరికి ఈటలకు 3,91,475 ఓట్ల ఆధిక్యం వచ్చింది. 2018 చివర కొడంగల్‌లో ఓడిన రేవంత్ రెడ్డిని మల్కాజిగిరి ఓటర్లు ఆదుకున్నారు. 2023 డిసెంబరులో ఆయన ముఖ్యమంత్రి కావడంతో ఆ స్థానం ఖాళీ చేశారు. ఇక్కడా గెలిచినవారు ఐదేళ్ల పని చూపి మళ్లీ ఇదే స్థానంలో ఓటు అడిగిన సందర్భాలు అరుదు.

ఓటరు బుద్ధిలో లోపం లేదు

ఇదంతా చూసి ఓటరుకు నిలకడ లేదని అనడానికి వీల్లేదు. 2020 డిసెంబరులో జరిగిన నగరపాలక సంస్థ ఎన్నికలే ఇందుకు సాక్ష్యం. మొత్తం 150 డివిజన్లలో కాంగ్రెసుకు దక్కినవి రెండే. ఆ రెండూ, అంటే ఉప్పల్, ఎ.ఎస్. రావు నగర్ డివిజన్లు, ఉప్పల్ శాసనసభ నియోజకవర్గంలోనివే. చిల్కానగర్ డివిజన్ ప్రజలు తెరాసను గెలిపించారు. పక్కనున్న హబ్సిగూడ, రామంతాపూర్ ప్రజలు భాజపాను గెలిపించారు. ఒకే నియోజకవర్గంలో మూడు పార్టీలకూ చోటు దొరికింది.

దీని అర్థం ఏమిటి? గల్లీ దగ్గరి ఎన్నికలో ఓటరు మనిషిని చూసి ఓటు వేశాడు. మోరీ తీయించేది ఎవరు, నల్లా నీళ్లకోసం ఫోను చేస్తే పలికేది ఎవరు, అర్ధరాత్రి ఆస్పత్రికి వెంట వచ్చేది ఎవరు అని చూసుకున్నాడు. తెలిసిన మనిషి, కళ్లముందు పని ఉంటే ఓటరు చక్కగానే తూస్తాడు. శాసనసభ ఎన్నిక వచ్చేసరికి తక్కెడలో పెట్టడానికి అతని ముందు ఏమీ ఉండటం లేదు. పాత సభ్యుడు ఉండడు, లేదా పాత పొత్తు ఉండదు, అదీ కాకుంటే పాత పార్టీ ఉండదు.

వంతెన ఎవరి లెక్కలో?

ఒక్క ఉదాహరణ చాలు. వరంగల్ రహదారిపై ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా పొడవైన వంతెన పని 2018లో మొదలయింది. ఘట్‌కేసర్, నారపల్లి, పోచారం వైపు నుంచి నగరానికి వచ్చేవారికి ఈ దారిలో పడే తిప్పలు చెప్పనవసరం లేదు. కూరగాయలు తెచ్చే రైతు, కాలేజీకి వచ్చే పిల్లవాడు, నాచారం ఫ్యాక్టరీలో షిఫ్టుకు పోయే కార్మికుడు, అందరూ స్తంభాల మధ్య దుమ్ము తిన్నవారే. శంకుస్థాపన నాడు ప్రభాకర్ శాసనసభ్యుడు. పని నడిచిన కాలమంతా సుభాష్ రెడ్డి శాసనసభ్యుడు. 2023 ఎన్నికల నాటికి కూడా వంతెన పూర్తి కాలేదు.

ఈ ఆలస్యం ఎవరి ఖాతాలో రాయాలి? జాతీయ రహదారి కనుక నిధులు కేంద్రానివి. స్థల సేకరణ, కరెంటు స్తంభాలు, నీటి పైపులు పక్కకు మార్చడం రాష్ట్రం పని. శాసనసభ్యుడు ఈ రెండింటి మధ్య తిరిగి పని కదిలించవలసినవాడు. ఆయన ఎన్నిసార్లు తిరిగాడు, సభలో ఎన్నిసార్లు అడిగాడు, ఏం జవాబు వచ్చింది? ఇవి ఓటరుకు తెలియవు. ఎన్నికల వేళ ఒకరు కేంద్రాన్ని చూపుతారు, ఒకరు రాష్ట్రాన్ని చూపుతారు. ఓటరు మాత్రం గుంతల రోడ్డును చూస్తాడు.

అదే ఉప్పల్ చౌరస్తాలో పాదచారుల ఆకాశమార్గం 2023 జూన్‌లో ప్రారంభమైంది. మెట్రో రైలు 2017 నవంబరులోనే నడిచింది. అంటే పట్టుబడితే పని జరుగుతుంది. కాని ఏ పనిలో స్థానిక సభ్యుని పాత్ర ఎంత అన్నది రాసి చూపే పుస్తకం ఎక్కడా లేదు.

సర్పంచుకు గ్రామసభ, శాసనసభ్యునికి?

పల్లెల్లో ఉన్నవారికి ఈ సంగతి త్వరగా అర్థమవుతుంది. సర్పంచు గ్రామసభ పెట్టాలి. వచ్చిన సొమ్ము ఎంత, ఖర్చు ఎంత అని జనం అడుగుతారు. సమాధానం చెప్పకపోతే సభలోనే నిలదీస్తారు. సభలు మొక్కుబడిగా జరిగే ఊళ్లు ఉన్నాయి, అసలు జరగని ఊళ్లూ ఉన్నాయి. అయినా చట్టంలో ఆ సభ ఉంది. అడిగే హక్కు ఉంది.

శాసనసభ్యునికి అటువంటి సభ లేదు. ఆయన పరామర్శకు వస్తారు, పెళ్లికి వస్తారు, శంకుస్థాపనకు వస్తారు. ఆ సందర్భాల్లో ఎవరూ లెక్కలు అడగలేరు. పైగా ఉన్న గ్రామసభలు కూడా ఈ జిల్లాలో కరిగిపోతున్నాయి. 2024లో అవుటర్ రింగు రోడ్డు చుట్టుపక్కల 51 గ్రామపంచాయతీలను మున్సిపాలిటీల్లో కలిపారు. ఉప్పల్ కలాన్ 2007లో నగరంలో కలిసిన దారిలోనే ఆ ఊళ్లూ నడుస్తున్నాయి. ఊరు పట్నమైతే రోడ్డు వెడల్పు కావచ్చు, భూమి ధర పెరగవచ్చు. కాని రచ్చబండ దగ్గర నిలబడి అడిగే చోటు పోతుంది. ఉప్పల్ అనుభవం ఆ ఊళ్లవారికి ముందే ఒక హెచ్చరిక.

సగం మంది ఇంట్లోనే

పార్టీలను తప్పుపట్టినంత మాత్రాన ఓటరు తప్పు మాసిపోదు. 2023లో ఉప్పల్ ఓటర్ల జాబితాలో ఐదు లక్షలకు పైగా పేర్లు ఉన్నాయి. గెలిచిన అభ్యర్థికి పడ్డవి 1,32,927. అంటే నలుగురు ఓటర్లలో సుమారుగా ఒకరి ఓటుతో ఐదేళ్ల ప్రాతినిధ్యం ఖాయమైంది. ఇది గెలిచినవారి తప్పు కాదు, రానివారి తప్పు. రాష్ట్రమంతటా పోలింగు 70 శాతం దాటితే నగరం, దాని పరిసరాలు ఎంతో వెనుకబడ్డాయి. నల్లగొండ జిల్లా మునుగోడులో పోలింగు 90 శాతం దాటింది. పత్తి చేలలో పని మానుకుని వచ్చి వరుసలో నిలబడినవారు అక్కడ ఉన్నారు. సెలవు ఇచ్చినా గడప దాటనివారు ఇక్కడ ఉన్నారు.

ఓటు వేయనివాడి సంగతి పార్టీకి బాగా తెలుసు. అతని కోపాన్ని ఏ సర్వే పట్టించుకోదు. టికెట్టు ఎవరికిచ్చినా ఫరవాలేదన్న ధీమా పార్టీలకు అక్కడినుంచే వస్తుంది.

అడగవలసినవి మూడు

ఇకముందు ఏ పార్టీ అభ్యర్థి వచ్చినా చిల్కానగర్ నుంచి ఘట్‌కేసర్ దాకా ఓటర్లు మూడు ప్రశ్నలు అడగాలి. మొదటిది, పదవిలో ఉన్న సభ్యుడు ఏడాదికొకసారి తన పని లెక్కను కాగితంమీద రాసి ప్రతి డివిజన్‌లో, ప్రతి ఊళ్లో అంటిస్తాడా? సభలో అడిగిన ప్రశ్నలు, నియోజకవర్గ నిధుల ఖర్చు, కాని పనులు, కాకపోవడానికి కారణాలు అందులో ఉండాలి. శాసనసభలో అడిగిన ప్రతి ప్రశ్నా రికార్డయ్యేదే కనుక ఇందులో దాచుకునేది ఏమీ లేదు.

రెండోది, పదవిలో ఉన్న సభ్యుణ్ణి తప్పిస్తే పార్టీ కారణం చెబుతుందా? పని బాగాలేదని తప్పిస్తే ఆ మాట చెప్పి క్షమాపణ కోరాలి. బాగానే ఉన్నా తప్పిస్తే ఆ మాటా చెప్పాలి. ఏమీ చెప్పకుండా కొత్త ముఖాన్ని నిలబెడితే పాత ఐదేళ్ల లెక్క ఎవరూ చూపనట్టే.

మూడోది, అభ్యర్థి గెలిచాక ఇదే గుర్తుమీద ఐదేళ్లు ఉంటాడా? ఎన్నికల్లో టికెట్టు రాకపోయినా ఊళ్లో కనిపిస్తాడా? ఓడినా కనిపిస్తాడా? ఓడినా గుర్తు మార్చకుండా మళ్లీ నిలబడినవారు ఉన్నారు. వారిని గెలిపించాలని కాదు. కాని అలా నిలబడినప్పుడే ఓటరు చేతిలోని తక్కెడకు పని పడుతుంది.

ఉప్పల్ ప్రజలు 2009 నుంచి 2023 దాకా నాలుగుసార్లు ఓటు వేసి నలుగురిని గెలిపించారు. ఒకసారి అధికారపక్షం, మరోసారి ప్రతిపక్షం, మళ్లీ అధికారపక్షం, మళ్లీ ప్రతిపక్షం. ముఖాలు మారాయి, జెండాలు మారాయి. లెక్క మాత్రం ఒక్కసారే, అదీ పొత్తుల గాలిలో, సగం సగంగానే తేలింది. వచ్చే ఎన్నికలో పదవిలో ఉన్న సభ్యుడు తన ఐదేళ్ల కాగితం చేతపట్టుకుని ఇదే స్థానంలో ఓటు అడిగితే, గెలిపించినా ఓడించినా అది ఉప్పల్ ఓటరు సొంత తీర్పు అవుతుంది. ఆ రోజు తెచ్చుకోవడం ఏ పార్టీ అధినేత చేతిలోనో లేదు. అడిగే నోటిలోనూ, ఓటు వేసే వేలిలోనూ ఉంది.